క్రీమ్ డబ్బా పక్కన పెట్టండి, శనగలు నానబెట్టండి

ఇటాలియన్ సూప్ చిక్కగా, నున్నగా రావాలంటే క్రీమ్ పోయాల్సిందేనని మా కర్నూలులో చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. నేను నమ్మను. ఇంట్లో శనగలు, ఒక పప్పుగుత్తి, గంటన్నర ఓపిక ఉంటే క్రీమ్ జోలికి పోనక్కర్లేదు. పైగా క్రీమ్ పోసినదానికన్నా శనగలతో చేసిందే ఇటలీ పల్లెల్లో వండుకునే సూప్‌కు దగ్గరగా ఉంటుంది. ఎందుకంటున్నానో, ఎలా వండుకోవాలో రెండూ కలిపే చెప్తాను. ఈ వంటలో కారణం తెలియకపోతే చెయ్యి సరిగ్గా పడదు.

ఈమధ్య పెళ్లి రిసెప్షన్లలో బఫే మొదట్లోనే సూప్ కౌంటర్ పెడుతున్నారు. 'ఇటాలియన్ క్రీమీ సూప్' అని బోర్డు. గిన్నెలో తెల్లగా, కాస్త తియ్యగా, కార్న్‌ఫ్లోర్ జిగురుతో ఉంటుంది. పైన నాలుగు స్వీట్‌కార్న్ గింజలు, కొంచెం మిరియాల పొడి. పిల్లలు ఇష్టంగానే తాగుతారు. కానీ ఇటలీ వంటంటే ఇదేననుకుని ఇంటికొచ్చి మనమూ అదే చెయ్యబోతాం. టమోటా రసంలో క్రీమ్ పోస్తాం, విరిగిపోతుంది. మనకు దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే ఉంటుంది. కొవ్వు ఎక్కువున్న క్రీమ్ పులుపును కొంత తట్టుకుంటుంది గానీ ఇది తట్టుకోలేదు. విరగకుండా కార్న్‌ఫ్లోర్ కలుపుతాం, చప్పబడుతుంది. రుచి కోసం సూప్ పౌడర్, ఆపైన చీజ్ క్యూబు. చివరికి గిన్నెలో కూరగాయ రుచి ఏదీ మిగలదు, ఉప్పూ కొవ్వూ తప్ప. ఇంత ఖర్చు పెట్టి ఇంత తక్కువ తినడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అసలు ఇటలీలో ఏం చేస్తారో చూద్దాం. మధ్య ఇటలీలోని టస్కనీ ప్రాంతం వాళ్లను మిగతా ఇటలీ వాళ్లు 'చిక్కుడు గింజలు తినేవాళ్లు' అని ఆటపట్టిస్తారు. అక్కడి రైతు ఇళ్లలో తెల్ల చిక్కుడు గింజలు ఉడికించి, సగం మెదిపి, క్యాబేజీ జాతి ముదురాకు వేసి, ఎండిపోయిన రొట్టె ముక్కలతో మరిగిస్తారు. మర్నాడు అదే సూప్‌ను మళ్లీ మరిగిస్తే దాని పేరు రిబొల్లీతా. టమోటా, తెల్లగడ్డ, పాత రొట్టె, ఆలివ్ నూనెతో చేసేది పప్పా అల్ పొమొదోరో. 1891లో పెల్లెగ్రినో ఆర్తూసి అనే ఆయన ఫ్లోరెన్సులో సొంత డబ్బుతో ఒక వంటల పుస్తకం అచ్చు వేయించాడు. ఇటలీ ఇళ్లలో ఇప్పటికీ తిరగేసే పుస్తకమది. అందులో టస్కనీ రైతుల సూప్ ఉంది: చిక్కుడు గింజలు, క్యాబేజీ, రొట్టె, ఆలివ్ నూనె. క్రీమ్ ఊసే లేదు. మనం 'జుప్పా తోస్కానా' (టస్కనీ సూప్) అన్న పేరుతో వీడియోల్లో చూసే క్రీమ్, సాసేజ్, ఉర్లగడ్డల సూప్ అమెరికా రెస్టారెంట్ల దారిలో వచ్చింది. అది బాగుండదని అనను. కానీ అది టస్కనీ పల్లెది కాదు.

ఇంకా దక్షిణానికి పోతే పూల్యా అనే ప్రాంతం వస్తుంది. వాన తక్కువ, సున్నపురాయి నేల. గోధుమలు, ఆలివ్ చెట్లు, పప్పుధాన్యాలు అక్కడి బతుకు. వాళ్లు ఫావా అనే వెడల్పాటి గింజల ఎండు పప్పును మెత్తగా ఉడికించి, చెక్కగరిటెతో తిప్పుతూ ఆలివ్ నూనె పోస్తారు. పప్పు నూనెను పట్టుకుని నున్నగా తయారవుతుంది. పక్కన చేదు చికోరీ ఆకు ఉడికించి పెడతారు. పప్పు, ఆకు, నూనె, అంతే. ఆ ప్రాంతంలో నల్ల శనగలు కూడా పండిస్తారు, కాబట్టి మన గోధుమరంగు నాటు శనగలు చూసి 'ఇవి ఇటాలియన్ కాదేమో' అని సందేహపడక్కర్లేదు. క్రీస్తుకు ముందు మొదటి శతాబ్దంలో బతికిన రోమన్ కవి హోరేస్, సాయంత్రం ఇంటికిపోయి లీక్స్ (ఉల్లి జాతి కాడలు), శనగలు, పిండి రేకులు ఉన్న గిన్నె ముందు కూర్చుంటానని రాసుకున్నాడు. శనగలూ పాస్తా కలిపిన సూప్ రోమ్‌లో ఇవాళ్టికీ ఉంది. టమోటా, ఆ తెల్ల చిక్కుడు గింజలు అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో వచ్చి చేరినవి. శనగలు అంతకుముందు నుంచీ ఉన్నాయి.

ఉత్తర ఇటలీలో మాత్రం పో నది మైదానంలో పాడి ఎక్కువ. అక్కడ వెన్న వాడతారు, కొన్ని వంటల్లో క్రీమ్ కూడా. అది వాళ్ల నేలకు తగింది. పాడి ఉన్నచోట పాలు, ఆలివ్ ఉన్నచోట నూనె, వాన లేనిచోట పప్పు. ఈ లెక్కన చూస్తే మనం ఏ ఇటలీని దగ్గరకు తీసుకోవాలో తెలుస్తుంది. అనంతపురంలో ఏడాదికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. కర్నూలు, నంద్యాల, కడప నల్లరేగడి చేలల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ విత్తితే, నేలలో మిగిలిన తేమతో, రాత్రి మంచుతో పంట పండుతుంది. జేజీ-11 అనే రకం వచ్చాక ఈ జిల్లాల్లో శనగ సాగు ఎంత పెరిగిందో రైతు ఇళ్లలో అందరికీ తెలుసు. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి కూడా కొత్త రకాలు వచ్చాయి. ధర పడిపోయి పంటను కోల్డ్ స్టోరేజీల్లో దాచుకున్న ఏళ్లనూ చూశాం. ఇంత శనగ పండే చోట శనగతో అయ్యే సూప్ కోసం క్రీమ్ డబ్బా కొనడమేమిటి?

ఇక ఆ చిక్కదనం ఎలా వస్తుందంటే, ఎండు శనగలో ఐదో వంతు ప్రొటీన్, దానికి దాదాపు రెట్టింపు పిండిపదార్థం ఉంటాయి. ఉడికేటప్పుడు పిండి రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. ఎనిపితే ఆ పిండి నీళ్లలో కలిసి చిక్కబరుస్తుంది, ప్రొటీన్ నూనె బొట్లను పైకి తేలనివ్వకుండా పట్టుకుంటుంది. నాలుక మీద మనకు 'క్రీమీ' అనిపించేది ఈ పొత్తే. పప్పు ఎనపడం తెలిసిన ఏ ఇంటికైనా ఇది తెలిసిన పనే.

కానీ శనగ ఉడకాలి కదా. అసలు కష్టం అక్కడే ఉంది, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మా వైపు బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి శనగ పొట్టులో, లోపలి కణాల గోడల్లో ఉండి వాటిని అతికించే పెక్టిన్‌తో కలిసి దాన్ని బిగించేస్తాయి. ఎన్ని విజిల్స్ పెట్టినా గింజ నలగదు. కర్నూలు టౌన్లో తుంగభద్ర నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ బాధ తక్కువ. ఊరి చివర కాలనీల్లో, పత్తికొండ వైపు, అనంతపురం వైపు బోరు మీదే బతికే ఇళ్లలో చాలా ఎక్కువ. దీనికి మందు ఖరీదైనదేం కాదు. తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లతోనే నానబెట్టండి, వాటితోనే ఉడికించండి. నానబెట్టే నీళ్లలో లీటరుకు రెండు చెంచాల ఉప్పు వెయ్యండి. ఉప్పు వేస్తే శనగ ఉడకదని అంటారు గానీ నానబెట్టేటప్పుడు జరిగేది దానికి విరుద్ధం. ఉప్పులోని సోడియం వెళ్లి కాల్షియం ఉన్న చోటులో చేరి పొట్టును మెత్తబరుస్తుంది. బోరు నీళ్లు తప్ప వేరే దిక్కు లేకపోతే పావు చెంచా వంటసోడా కలపండి, అంతకు మించొద్దు. ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది. పొద్దున ఆ నీళ్లు పారబోసి, కడిగి, కొత్త నీళ్లు పోసుకోవాలి.

రెండో సంగతి పులుపు. పులుపు తగిలితే కూడా పెక్టిన్ కరగదు. మా అమ్మ కందిబ్యాళ్లు పూర్తిగా మెత్తబడ్డాకే చింతపండు పులుసు పోస్తుంది. ఎందుకని అడిగితే 'ముందే పోస్తే బ్యాళ్లు బిగుసుకుంటాయి' అంటుంది. ఈ సూప్‌లో టమోటాకూ అదే నియమం. శనగలు వేలితో నొక్కితే పిండి అయ్యేదాకా టమోటా వాటి దగ్గరకు రాకూడదు.

నలుగురైదుగురికి పావుకిలో కాబూలీ శనగలు చాలు. రాత్రంతా నానాక ఒకటింబావు లీటరు నీళ్లు, ఒక బిర్యానీ ఆకు, చిదిమిన తెల్లగడ్డ రెబ్బలు రెండు వేసి కుక్కర్లో పెట్టండి. మధ్యమంట మీద నాలుగైదు విజిల్స్, ఆ తర్వాత సన్నమంట మీద పది నిమిషాలు. మూత తీశాక గింజ నలగకపోతే మొహమాటపడకుండా మళ్లీ పెట్టండి. సగం ఉడికిన శనగతో ఈ వంట రాదు. ఉడికిన నీళ్లు పారబోయొద్దు, సూప్‌కు అదే ప్రాణం.

శనగలు ఉడికేలోపు రెండో పొయ్యి మీద ఎర్రగడ్డలు. ఈ పనిలో మన చెయ్యి ఆగదు. మనం ఎర్రగడ్డను పెద్దమంట మీద ఎర్రగా వేయించి ఘాటు తెస్తాం. ఇక్కడ ఎర్రబడకూడదు. రెండు ఎర్రగడ్డలు, ఒక క్యారెట్ చాలా సన్నగా తరిగి, నాలుగు పెద్ద చెంచాల నూనెలో, చిటికెడు ఉప్పుతో, సన్నమంట మీద ఇరవై నిమిషాలు మగ్గనివ్వాలి. ఉప్పు వాటిలోని నీటిని బయటికి లాగుతుంది, అందుకే మాడవు. ఇటలీలో దీనికి సెలరీ కాడ కూడా చేరుస్తారు. మన రైతుబజార్లో సెలరీ దొరికే రోజులు తక్కువ. దాని కోసం టెన్షన్ పడక్కర్లేదు. సెలరీ, క్యారెట్, కొత్తిమీర, వాము నాలుగూ ఒకే కుటుంబం మొక్కలు. కొత్తిమీర కాడలు సన్నగా తరిగి వేసి, అర చిటికెడు వాము నలిపి వెయ్యండి. ఇటలీ వంటల్లో వాడే థైమ్ ఆకు వాసనకు మూలమైన థైమాల్ మన వాములోనూ ఉంది. పెరట్లో వామాకు ఉంటే రెండు ఆకులు తుంచి వెయ్యండి, ఒరెగానో వాసనకు చాలా దగ్గరగా వస్తుంది. ఎక్కువ వేస్తే మాత్రం కషాయం అవుతుంది.

ఎర్రగడ్డ మెత్తబడి తియ్యటి వాసన వచ్చాక నాలుగు తెల్లగడ్డ రెబ్బలు తరిగి వెయ్యండి, ఒక ఒట్టి మిరపకాయ చీల్చి వెయ్యండి. అల్లం వద్దు. కారం ఇటలీలో తినరనే మాట నిజం కాదు. దక్షిణాన కలాబ్రియా వాళ్లు మిరపకాయను మనలాగే ఇష్టంగా తింటారు. తర్వాత పండిన టమోటాలు మూడు. మా జిల్లా పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయినప్పుడు రైతులు టమోటాలను రోడ్డు పక్కన పారబోసిన సంగతి ఏటా వార్తల్లో చూస్తూనే ఉన్నాం. అలాంటి రోజుల్లో డబ్బాలో వచ్చే టమోటా పేస్టు కొనడానికి నాకు మనసొప్పదు. పచ్చివాసన పోయి, రంగు ముదిరి, నూనె అంచులకు తేలేదాకా వేయించండి. చీజ్‌తో వచ్చే కమ్మదనం చాలావరకు ఈ వేయింపులోనే వస్తుంది. టమోటాలో కమ్మటి రుచినిచ్చే గ్లుటమేట్ సహజంగానే ఎక్కువ, నీరు ఇంకిపోయేకొద్దీ రుచి చిక్కబడుతుంది.

ఇప్పుడు శనగల్లో మూడో వంతు గింజలు తీసి పక్కన పెట్టండి. మిగతావాటిని ఆ నీళ్లలోనే పప్పుగుత్తితో ఎనపండి. మిక్సీలో వేస్తే ఇంకా నున్నగా వస్తుంది కదా అంటారు. వేసుకోవచ్చు, శనగకు పెద్దగా నష్టం లేదు. ఉర్లగడ్డ కలిపితే మాత్రం మిక్సీ వద్దు, బంకగా అయిపోతుంది. నాకైతే ఎనిపినదే ఇష్టం. అక్కడక్కడా పలుకు తగులుతుంది, నమిలే పని ఉంటుంది, తిన్నట్టు అనిపిస్తుంది. పళ్లు లేని పెద్దవాళ్లకు వడ్డించే గిన్నెలోంచి మాత్రం గింజలు తీసేసి మెత్తటిదే పెట్టండి. ఎనిపినదాన్ని టమోటా గిన్నెలో పోసి, పక్కన పెట్టిన గింజలు వేసి, పది నిమిషాలు ఉడకనివ్వండి. చివర్లో గుప్పెడు చిన్న పాస్తా, లేదా వేలెడు ముక్కలుగా విరిచిన స్పగెట్టి వేసి అందులోనే ఉడికించండి. విరిచిన పాస్తా తప్పేమీ కాదు, నేపుల్స్‌లో డబ్బాల అడుగున మిగిలిన ముక్కలన్నీ కలిపి శనగల సూప్‌లో వేసే అలవాటు ఉంది. పాస్తా విడిచే పిండి కూడా సూప్‌ను చిక్కబరుస్తుంది, అందుకే విడిగా ఉడికించి వార్చొద్దు.

రొట్టె సంగతి నాకు చాలా ముఖ్యం. మన బేకరీ బ్రెడ్ తియ్యగా ఉంటుంది, ఈ సూప్‌కు పనికిరాదు. టస్కనీ రొట్టెలో ఉప్పు కూడా వెయ్యరు, ఇక తీపి మాటెక్కడిది. మనకు జొన్నరొట్టె ఉంది. నిన్నటి జొన్నరొట్టె, లేదా సంతలో దొరికే పలచటి ఎండు రొట్టె తుంచి సూప్‌లో వేస్తే పాస్తా లేకుండానే కడుపు నిండుతుంది. గోధుమ రొట్టెలా సాగదు, విడిపోయి సూప్‌లో కలిసిపోతుంది. ఇంకో పని కూడా చెయ్యొచ్చు. దక్షిణ ఇటలీలో చీజ్ కొనలేనివాళ్లు ఎండు రొట్టె పొడిని నూనెలో వేయించి పాస్తా మీద చల్లుకునేవాళ్లు, ఇప్పటికీ చల్లుకుంటారు. ఎండు జొన్నరొట్టెను రవ్వలా నలిపి, తెల్లగడ్డ వేసిన నూనెలో కరకరలాడేలా వేయించి ఈ సూప్ మీద చల్లి చూడండి. అసలైన పార్మిజానో చీజ్‌ను పాలు విరిచేందుకు దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తోనే చెయ్యాలని అక్కడి నియమం. శాకాహారుల ఇళ్లలో ఈ విషయం తెలియకుండా కొంటున్నారు. జొన్న రవ్వకు ఆ పేచీ లేదు.

నూనె గురించి మా ఇంట్లోనే వాదన ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క కూతురు వచ్చినప్పుడల్లా 'చిన్నమ్మా, ఆలివ్ ఆయిల్ లేకుండా ఇటాలియన్ ఎట్లవుతుంది?' అంటుంది. దాని మాటలో కొంత న్యాయం ఉంది. పచ్చి ఆలివ్ నూనెలో ఉండే ఆ ఘాటు, చేదు మన నూనెల్లో లేవు. కానీ టస్కనీ రైతు ఆలివ్ నూనె వాడింది చెట్టు చేను గట్టున ఉంది కాబట్టే. మా చేలో ఉన్నది బుడ్డలు, అంటే వేరుశనగ. గానుగలో ఆడించిన బుడ్డల నూనెకు దాని సొంత వాసన ఉంది, శనగతో బాగా కలుస్తుంది. కాబట్టి వండడానికి గానుగ నూనె వాడతాను. దించాక పైన పోసే రెండు చెంచాలకు ఇంట్లో ఆలివ్ ఉంటే అది, లేకపోతే తెల్లగడ్డ, వామాకు వేసి గోరువెచ్చగా కాచిన బుడ్డల నూనె. ఆ చివరి నూనె మాత్రం మానొద్దు. గరిటెతో బాగా తిప్పితే సూప్ రంగు కాస్త తేలికపడి, మెరుపు వస్తుంది. క్రీమ్ చేస్తుందనుకున్న పని ఇక్కడ నూనె, శనగ కలిసి చేస్తున్నాయి.

'ఇదంతా విని చూస్తే పప్పుచారే కదా' అనేవాళ్లకు నా జవాబు, కాదు. ఇందులో చింతపండు లేదు, ఆవాలు, జీలకర్ర తాలింపు లేదు, పసుపు లేదు, ఇంగువ లేదు. పప్పుచారులో రుచి చివరి తాలింపులో ఉంటుంది, ఇందులో మొదటి ఇరవై నిమిషాల ఎర్రగడ్డలో ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే ఎవరికైనా తేడా తెలుస్తుంది. అందుకే గరం మసాలా, మ్యాగీ మసాలా, చాట్ మసాలా వెయ్యొద్దని పట్టుబడతాను. ఒక్కసారి వేస్తే ఇన్ని పొరల రుచీ దాని కింద పడిపోతుంది. మన వంట తక్కువనీ, వాళ్ల వంట ఎక్కువనీ నేననడం లేదు. రెండూ పప్పును గౌరవించే వంటలే, దారులు వేరు. ఒకదాని మసాలా ఇంకోదానిలో పోస్తే రెండూ పోతాయి.

పొయ్యి మీద నుంచి దించాక పది నిమిషాలు మూత పెట్టి ఉంచండి. సూప్ అంటే పొగలు కక్కుతూ తాగాలనుకోవద్దు. టస్కనీలో ఎండాకాలం టమోటా రొట్టె సూప్‌ను చల్లారాకే తింటారు. కర్నూలు ఎండల్లో మనకూ అదే మంచిది. గోరువెచ్చగా ఉన్నప్పుడు శనగ రుచి బాగా తెలుస్తుంది. రాత్రికి మిగిలితే ఫ్రిజ్‌లో గట్టిపడి ముద్దవుతుంది, చెడిపోయిందని అనుకోవద్దు. మర్నాడు వేడినీళ్లు కలిపి, ఉప్పు మళ్లీ చూసుకుని, ఒక జొన్నరొట్టె తుంచి వేసి మరిగించండి. చాలామందికి మొదటిరోజుకన్నా అదే నచ్చుతుంది.

శనగలు కొనేటప్పుడు ఎప్పటివో అడగండి. కొత్త పంట ఫిబ్రవరి నుంచి వస్తుంది, అవి ఏడెనిమిది గంటలు నానితే చాలు. వేడిలో నెలల తరబడి నిలవున్న పాత గింజ ఎంత నానినా మొండికేస్తుంది. వానాకాలంలో కొన్నవాటికి పన్నెండు గంటలు ఇవ్వండి, కుక్కర్లో ఇంకో రెండు విజిల్స్ ఎక్కువ పెట్టండి. సంక్రాంతి ముందూ వెనకా పచ్చి శనగ కట్టలు బజార్లోకి వస్తాయి. ఆ గింజలు ఒలిచి చేస్తే నానబెట్టే పనే లేదు. అప్పుడు టమోటా వెయ్యకండి. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, పచ్చి శనగ, చివర్లో సబ్జా మొక్క ఆకు నాలుగు. వేసవిలో పానకంలో వేసుకునే సబ్జా గింజలను కుండీలో చల్లితే మొలిచేది ఇటలీ వంటల్లో వాడే బేసిల్ మొక్కే. జనవరికి ఆకు కావాలంటే నవంబరులో చల్లుకోండి.